బిల్డర్ వదిలిన 6 అడుగుల గూట్లో బట్టల అల్మారా మనమే చేసుకోవచ్చా?

మీ ప్రశ్నను ఒకసారి చెప్పుకుందాం. కొత్త ఫ్లాట్ పడగ్గదిలో బిల్డర్ 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతున్న ఖాళీ గూడు వదిలాడు. పైన లాఫ్ట్ ఉంది. ఇంట్లో ఇద్దరు. చీరలు ఎక్కువ, చొక్కాలు ప్యాంట్లు మామూలుగా ఉన్నాయి. మీకు డ్రిల్ మెషీన్ పట్టడం వచ్చు. కడప బండలు వేయించాలా, వడ్రంగికి ఇవ్వాలా, మీరే ప్లైవుడ్‌తో చేసుకోవచ్చా అని అడిగారు.

మీరే చేసుకోవచ్చండి. కాకపోతే మూడు షరతులు. ప్లైని ఇంట్లో కొయ్యకండి, దుకాణంలో ప్యానెల్ సా (పెద్ద షీట్లు కోసే యంత్రం) మీద కోయించుకోండి. గూడంతా నిండే ఒకే పెద్ద పెట్టె కాకుండా మూడు విడి పెట్టెలు చేసి పక్కపక్కన నిలబెట్టండి. టేపుతో గూటికంటే ముందు మీ బట్టల్ని కొలవండి. ఈ మూడోదాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. అల్మారా చాల్లేదనే ఫిర్యాదు చాలావరకు అక్కడే పుడుతుంది.

కడప బండల సంగతి ముందే తేల్చేద్దాం. చెద పట్టదు, చెమ్మకు పాడవదు, అది నిజం. కానీ 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న ఒక్క బండే 70 కిలోలు దాటుతుంది. గోడలో ఒకసారి దిగిందంటే మళ్లీ జరగదు. రెండడుగుల లోతు అరలో వెనక పెట్టిన బట్ట ఏడాదికోసారి కూడా చేతికి రాదు. వంటసామాన్లకు, పాత పుస్తకాలకు సరే. హ్యాంగర్లకు కాదు.

బట్టల కొలతలు

చొక్కాను హ్యాంగర్‌కు తగిలించి, రాడ్ నుంచి అంచు దాకా కొలవండి. 900 నుంచి 950 మి.మీ. వస్తుంది. మడిచి వేలాడదీసిన ప్యాంటు 650 నుంచి 700. చీర దగ్గరే చాలామంది పొరబడతారు. చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు. దాన్ని నాలుగుసార్లు సగానికి మడిస్తే 34 సెం.మీ. వెడల్పవుతుంది, హ్యాంగర్ మీద సరిగ్గా కూర్చుంటుంది. చీర పన్నా 115 నుంచి 120 సెం.మీ. కాబట్టి హ్యాంగర్‌కు రెండు వైపులా దిగేది 60 సెం.మీ. లోపే. కొక్కెం కలిపినా 700 మి.మీ. సరిపోతుంది. అయినా చీరలకని చెబితే 42 అంగుళాల ఎత్తు వదిలేస్తారు, అంటే 1067 మి.మీ. అంటే చీరల కింద మూడో వంతుకు పైగా గాలే వేలాడుతుంది. ఇది గుర్తుంటే ఒకే అల్మారా ఎత్తులో ఒకదాని కింద ఒకటి రెండు వరసల చీరలు పడతాయి.

హ్యాంగర్ వెడల్పు 42 నుంచి 45 సెం.మీ., భుజాలు ఇంకొంచెం బయటికొస్తాయి. అందుకే లోపలి లోతు 550 మి.మీ.కు తగ్గకూడదు. తగ్గితే తలుపు వేసినప్పుడల్లా చొక్కా చెయ్యి నలుగుతుంది.

ఇప్పుడు గూడు

వెడల్పును కింద, మధ్య, పైన కొలవండి. ఎత్తును రెండు చివర్లా, నడుమా. లోతును నాలుగైదు చోట్ల. గోడలు నిటారుగా ఉండవు, మూలలు మూలమట్టానికి ఒదగవు. ఒకే గూట్లో పైకీ కిందికీ 15 మి.మీ. తేడా మామూలే. అన్నిటికంటే చిన్న కొలతే మీ కొలత. గూటి లోపల స్కర్టింగ్ టైల్ ఉంటే లోతును గోడ నుంచి కాదు, ఆ టైల్ ముందంచు నుంచి కొలవండి. వడ్రంగులు అంగుళాలు, సూత్‌లలో (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) మాట్లాడతారు. కోత కాగితం మీద మాత్రం మిల్లీమీటర్లే రాయండి.

మీ గూట్లో అతి తక్కువ వెడల్పు 1815 మి.మీ. వచ్చిందనుకుందాం. 15 వదిలేస్తే 1800, పెట్టెకు 600 చొప్పున. ఎత్తు 2134. కింద 90 మి.మీ. పీఠం, పెట్టె 2010, పైన 34 ఖాళీ. ఆ సందు పనికిమాలినది కాదు. లాఫ్ట్ శ్లాబు ఒక పక్కకు వాలినా పెట్టె లోపలికి జారేది దాని వల్లే. చివర్లో ముందు నుంచి ఒక పట్టీ కొడితే కనబడదు. పెట్టె లోతు 560, వెనక 6 మి.మీ. ప్లై, ముందు తలుపు 18, దాని సందు 2. మొత్తం 586. గూడు 610 కాబట్టి గోడకూ పెట్టెకూ మధ్య 24 మి.మీ. గాలి ఆడుతుంది.

మూడు పెట్టెలే ఎందుకంటే, ఒక్కొక్కటి దాదాపు 35 కిలోలు ఉంటుంది, ఇద్దరు ఎత్తగలరు. ఆరడుగుల ఒంటి పెట్టెను గదిలో తిప్పడం కూడా కుదరదు. రెండో కారణం తలుపుల కీళ్లు, అంటే హింజ్‌లు. ప్రతి పెట్టెకూ సొంత పక్కలు ఉంటాయి కాబట్టి అన్ని తలుపులకూ ఒకే రకం, జీరో క్రాంక్ ఆటో హింజ్ (తలుపు పక్క చెక్క అంచును పూర్తిగా కప్పే రకం) సరిపోతుంది. ఒకే పెట్టెలో పార్టిషన్లు పెడితే ఒక చెక్కకు రెండు తలుపులు వస్తాయి, అక్కడ సగమే కప్పే 8 క్రాంక్ కావాలి. దుకాణంలో ఈ రెండూ కలగలిసిపోయి ఇంటికొచ్చాక తలుపులు ఒకదానికొకటి తగులుకోవడం తరచూ జరిగేదే.

ఏ ప్లై

గోడ అవతల బాత్రూమ్ ఉన్నా, మీరు విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉన్నా ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (నీటిని బాగా తట్టుకునే రకం) ప్లై తీసుకోండి. పొడి గోడ, పై అంతస్తు అయితే ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ (నీటిని కొంతవరకు తట్టుకునే రకం) చాలు. ముద్ర చూసి నమ్మేయకండి. దాని కింద ఉండే సీఎం/ఎల్ లైసెన్స్ నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, ఆ కంపెనీదేనా, అమల్లో ఉందా చూడండి. షీటు అంచును వెలుతురులో పట్టి చూడండి. పొరల మధ్య నల్లటి సందులుంటే, సరిగ్గా అక్కడే మీ స్క్రూ పట్టుండదు.

మీలాంటివారికి రెండు వైపులా మైకా అతికించి వచ్చే ప్రీ-ల్యామినేటెడ్ ప్లై మేలు. ఇంట్లో ఫెవికాల్ పూసి మైకా అతికిస్తే బుడగలు వస్తాయి, ఒక వైపే అతికిస్తే చెక్క వంగుతుంది. పార్టికల్ బోర్డు చవకే, కానీ హింజ్ స్క్రూ ఒకసారి ఊడితే అదే రంధ్రంలో మళ్లీ పట్టదు. మామూలు ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే బోర్డు) చెమ్మకు ఉబ్బుతుంది. చెమ్మ అనుమానం ఉంటే గోడకు అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు ఉంచండి. కాగితం లోపలివైపు నీటి చుక్కలు కనబడితే చెమ్మ గోడలోంచే వస్తోంది. ముందు ఆ లీకు సంగతి చూడండి. ఏ ప్లై కూడా దాన్ని కప్పిపుచ్చలేదు.

కోత

నా లెక్క కచ్చితంగా 18 మి.మీ. మందానికి. కొన్న షీటును కొలవకుండా కోతకు ఇవ్వకండి. 19 వస్తే పెట్టె లోపలి వెడల్పు 564 కాదు, 562 అవుతుంది, అడ్డ చెక్కలన్నీ అంతే తగ్గాలి. బ్లేడు ఒక్కో కోతకు 3 మి.మీ. తింటుంది.

8×4 షీటును (2440×1220) ముందు అడ్డంగా 2010 దగ్గర కోయించండి, తర్వాత నిలువుగా. ఈ వరస మారితే లెక్క చెడుతుంది. పెద్ద ముక్కలో 560 వెడల్పు పక్కలు రెండు వస్తాయి, మిగిలేది 94 మి.మీ. పట్టీ. చిన్న ముక్క 427×1220. అందులోంచి 427×561 అరలు రెండు. అరలు 564 కాకుండా 561 ఎందుకంటే అవి పిన్నుల మీద కూర్చుని పైకీ కిందికీ జరగాలి. మూడు షీట్లకు ఆరు పక్కలు, ఆరు అరలు, మూడు పట్టీలు. ఆ పట్టీలే పీఠం: 1800 పొడవువి రెండు, మూడోదాంట్లోంచి 450 ముక్కలు నాలుగు అడ్డాలకు. అన్నిటినీ 90కి సరిచేయించండి.

అరలు 560 లోతు కాకుండా 427 ఉండటం పొదుపు కోసమే అనుకోకండి. మడిచిన బట్టకు 35 నుంచి 40 సెం.మీ. లోతు చాలు. అంతకంటే లోతుంటే ముందొక వరస, వెనకొక వరస పెడతాం, వెనక వరసను మరిచిపోతాం.

నాలుగో షీటులో 564×560 ముక్కలు ఎనిమిది పడతాయి. ఆరు పైకప్పులకు, అడుగులకు, రెండు బిగించే అడ్డ అరలకు. తలుపులు పెట్టెకు రెండు చొప్పున, 297×2004. ఆరింటికి రెండు షీట్లు. రెండో షీటులో మిగిలే 610 పైచిలుకు వెడల్పు ముక్కలోంచి డ్రాయర్ ముఖాలు, వాటి పక్కన వచ్చే ప్యాకింగ్ చెక్కలు రెండు వస్తాయి. 600 వెడల్పు ఒంటి తలుపు పెట్టకండి, రెండు మీటర్ల ఎత్తులో అది వంగుతుంది, తెరిస్తే మంచానికి తగులుతుంది.

వెనకలకు 6 మి.మీ. షీట్లు రెండు, డ్రాయర్ అడుగులు కూడా అందులోనే వస్తాయి. డ్రాయర్ పెట్టెలకు 12 మి.మీ. షీటు సగం. ఎడ్జ్ బ్యాండ్ (కోసిన అంచులకు అతికించే పట్టీ) లెక్క 52 మీటర్లు వస్తుంది, 60 కొనండి. జీరో క్రాంక్ హింజ్‌లు 24, 20 అంగుళాల టెలిస్కోపిక్ చానెల్ (డ్రాయర్ జారే పట్టాలు) 3 జతలు, రాడ్లు 4, రాడ్ సాకెట్లు 8, షెల్ఫ్ పిన్నులు 24.

ఒకే కొలత ముక్కలన్నిటినీ మెషీన్ గైడును కదపకుండా ఒకే దఫాలో కోయమనండి. ఒకటి 563, ఒకటి 565 వచ్చిందంటే పెట్టె జన్మలో చదరంగా రాదు. అన్నీ 563 వస్తే ఏ ఇబ్బందీ లేదు.

లోపలి అమరిక

పెట్టె లోపలి ఎత్తు 1974.

మొదటి పెట్టె: పైన 1040 చొక్కాలకు, బిగించిన అర 18, కింద 916 ప్యాంట్లకు. రాడ్ పై చెక్కకు 50 మి.మీ. కింద, వెనక నుంచి 280 దూరంలో. 50 కంటే దగ్గరగా పెడితే హ్యాంగర్ కొక్కెం ఎత్తి తియ్యడానికి చోటుండదు.

మధ్య పెట్టె: కింద 560లో డ్రాయర్లు మూడు, పైన బిగించిన అర, ఆపైన 1396లో జరిగే అరలు నాలుగు. ఒక్కో గడికి 265 వస్తుంది. తువ్వాళ్లు, టీషర్టులు, లోదుస్తులు ఇక్కడే.

మూడో పెట్టె చీరలది. పైన 338లో సూట్‌కేసులు, దుప్పట్లు, ఒక అర, 800, మరో అర, మళ్లీ 800. ఒక్కో 800లో ఒక రాడ్. రేపు అనార్కలీలు, లెహెంగాలు వచ్చి చేరితే మధ్య అరను, దాని కింది రాడ్‌ను తీసేయండి, 1568 మి.మీ. నిలువు దొరుకుతుంది. అందుకే ఈ పెట్టెలో అరలను స్క్రూలతో బిగించకండి, పిన్నుల మీదే పెట్టండి. బరువైన జరీ పట్టుచీరల్ని మాత్రం హ్యాంగర్‌కు వేయకండి, బరువుకు మడత దగ్గర జరీ దెబ్బతింటుంది. నూలు గుడ్డలో చుట్టి అరలో పరిచి, మూడు నెలలకోసారి మడత మార్చండి.

బిగింపు

బయటికి కనబడే అంచులకు ముందే ఎడ్జ్ బ్యాండ్ అతికించండి. పెట్టె అయ్యాక ఇస్త్రీపెట్టె గానీ రోలర్ గానీ లోపలికి దూరదు. పిన్ను రంధ్రాలు కూడా పక్కలు నేల మీద పడుకుని ఉన్నప్పుడే. 5 మి.మీ. బిట్, 32 మి.మీ. ఎడం, ముందంచు నుంచి 160 లోపలికి ఒక వరస, వెనకంచు నుంచి 37 దగ్గర ఒక వరస. అర లోతు 427 కాబట్టి ముందు వరస అంత లోపలికి రావాలి. ఒక చెక్కముక్కకు రంధ్రాలు చేసి దాన్నే అచ్చుగా పెట్టుకోండి. రెండు పక్కలకూ కింది అంచు నుంచే కొలవండి. ఒకదానికి పైనుంచి, ఒకదానికి కింది నుంచి కొలిస్తే అర ఊగుతుంది.

పైకప్పు, అడుగు రెండు పక్కల మధ్యలో కూర్చుంటాయి. బయటినుంచి 8 నంబరు, 50 మి.మీ. స్క్రూలు ఒక్కో జాయింటుకు నాలుగు. ముందుగా 3 మి.మీ. రంధ్రం చెయ్యకపోతే ప్లై పొరలు విడిపోతాయి. స్క్రూ తల చెక్కలోకి దిగాలి, లేకపోతే పక్క పెట్టె ఆనదు. ఫెవికాల్ రాస్తే బలం అనుకుంటారు. మైకా ముఖం మీద మామూలు ఫెవికాల్ పట్టదు, బరువు మోసేవి స్క్రూలే. వెనక షీటు కొట్టే ముందు మూలకు మూల కొలవండి, రెండూ 2098 దగ్గర సమానంగా రావాలి. వెనక షీటు పడ్డాక వంకర తియ్యడం అయ్యే పని కాదు.

పీఠాన్ని గూట్లో పెట్టి రసమట్టంతో చూడండి. నేల వాలు ఉంటే కింద మైకా ముక్కలు దోపండి. ఇక్కడ పోయే అరగంటను దాటవేస్తే తర్వాత ఆరు తలుపులతో ఆరు రోజులు. పెట్టెను గూట్లో పడుకోబెట్టి లేపలేరు. పెట్టె పక్క చెక్క ఐమూల పొడవుకు పీఠం 90 కలిపితే 2170 దాటుతుంది, గూడు 2134. గదిలో నిలబెట్టి, పీఠం మీదికి ఎత్తి లోపలికి తొయ్యాలి. మూడూ కూర్చున్నాక ముందంచులు సరిచేసి, పక్కపక్క పెట్టెల్ని 30 మి.మీ. స్క్రూలతో కలపండి. రెండు చెక్కలు కలిపి 36, కాబట్టి మొన బయటికి రాదు. తర్వాత పైన ఎల్ క్లాంపులతో గోడకు. డ్రాయర్లు లాగి మెట్లెక్కే పిల్లలు ఇంటికొస్తే ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. డ్రిల్ చేసే ముందు గోడకు అవతలా ఇవతలా స్విచ్‌బోర్డు ఎక్కడుందో చూసుకోండి, దాని నిట్టనిలువు గీతలో వైరు పైపు ఉంటుంది.

డ్రాయర్లు: ఎక్కువ చెడేది ఇక్కడే

తలుపు 90 డిగ్రీలు తెరిచినా ఆటో హింజ్ మీద దాని మందంలో కొంత పెట్టె నోట్లోకి పొడుచుకొస్తుంది. డ్రాయర్‌ను పక్క చెక్కకే బిగిస్తే బయటికి లాగినప్పుడు తలుపుకు గీసుకుంటుంది. అందుకే రెండు వైపులా 18 మి.మీ. ప్యాకింగ్ చెక్కలు. లోపలి వెడల్పు 564లో అవి పోతే 528. చానెల్ ఒక్కో పక్క అరంగుళం, రెండూ కలిపి 26 తింటుంది. డ్రాయర్ పెట్టె బయటి వెడల్పు 502, పొడవు 500, ఎత్తు 150. ముందు వెనక ముక్కలు 478. ముఖం 524×184, పెట్టె అంచుకు 20 మి.మీ. లోపలికి, లేకపోతే హ్యాండిల్ తలుపుకు తగులుతుంది.

డ్రాయర్ బిర్రుగా నడిస్తే నూనె పోయకండి, అది చానెల్ లోపం కాదు, వెడల్పు లోపం. పెట్టె 1 మి.మీ. పెద్దదైనా చానెల్ లోపలి బాల్స్ పట్టేస్తాయి. చిన్నదైతే అదృష్టమే, చానెల్ వెనక ఒక మైకా ముక్క పెడితే సరిపోతుంది. అందుకే అనుమానం ఉంటే 502 బదులు 501 కోయించండి.

హింజ్ గుంతలు 35 మి.మీ. బిట్‌తో, మధ్యబిందువు తలుపు అంచు నుంచి 22 దగ్గర, లోతు 12 నుంచి 13. 18 మి.మీ. తలుపులో చెయ్యి జారితే బిట్ అవతలికి వచ్చేస్తుంది. ఈ ఒక్క పనికి భయముంటే తలుపులు ఆరింటినీ దుకాణంలోనో, తెలిసిన వడ్రంగితోనో చేయించుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు. తలుపుకు నాలుగు హింజ్‌ల కంటే తగ్గించకండి.

చెదల విషయంలో ఒక మాట. పై అంతస్తు కదా అని ధీమా వద్దు, వైరు పైపుల్లోంచి ఎక్కుతాయి. గూట్లో తెరిచి ఉన్న పైపు నోళ్లను, గోడ పగుళ్లను సిమెంటుతో మూసి, పీఠం ముక్కలకు, వెనక షీటు గోడవైపు చెద మందు కొట్టించి ఆరనిచ్చాకే లోపల పెట్టండి. మందు పెట్టె లోపలివైపు పడకూడదు.

పని అయిన రోజే బట్టలు సర్దేయాలని ఉంటుంది. కొత్త ప్లైలోంచి, జిగురులోంచి వచ్చే వాసన బట్టకు పట్టుకుంటుంది, కళ్లు మండేంత ఉంటుంది. తలుపులూ డ్రాయర్లూ తెరిచి, ఫ్యాన్ వేసి వారం పది రోజులు అలా వదిలేయండి. ముందు తువ్వాళ్లు, దుప్పట్లు పెట్టి, రెండు రోజుల తర్వాత వాటిని వాసన చూడండి. పట్టుచీరలు ఆ తర్వాతే.